కాలినా పెట్టిన జవాబు

ముప్ఫై నాలుగేళ్ళుగా పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నాను. ఎవడు సొంతంగా రాశాడో, ఎవడు పక్కవాడిది ఎత్తిరాశాడో మొదటి రెండు లైన్లకే చెప్పేస్తానని నాకు మహా పొగరు. తోటి టీచర్లు కూడా అనుమానం వచ్చిన నోటుబుక్కులు తెచ్చి నా ముందు పెట్టేవారు. నేను కళ్ళజోడు సవరించుకుని తీర్పు చెప్పేదాన్ని. ఆ పొగరు ఎలా అణిగిందో చెబుతాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

మాది పోలండు దక్షిణాన క్రోస్నో దగ్గర చిన్న ఊరు. హైస్కూల్లో పోలిష్ పాఠం నాది. నా పేరు రెగీనా. పిల్లలు చాటుగా నన్ను గొడ్డలి అంటారు, ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు. నవంబరు ఒకటిన ఊరంతా శ్మశానానికి వెళ్ళి తమవాళ్ళ సమాధులు కడిగి, చామంతి కుండీలు పెట్టి, గాజుబుడ్లలో దీపాలు వెలిగిస్తుంది కదా. ఆ పండగ అయిన మరుసటి క్లాసులో నేనిచ్చే హోంవర్కు ఇరవై ఏళ్ళుగా ఒక్కటే. నువ్వు వెళ్ళిన ఒక సమాధి గురించి ఒక పేజీ రాయి. కళ్ళతో చూసిందే రాయి, కల్పించి రాశావో చంపేస్తాను. చంపేస్తాననే మాట ఇప్పుడు వాడడం మానేశాను.

ఈ ఏడు, అంటే రెండువేల పద్దెనిమిదిలో, హోంవర్కు చదవడానికి ఫాబియాన్ అనేవాణ్ణి లేపాను. నోటరీగారబ్బాయి. తల దువ్వుకోవడానికి పెట్టే శ్రద్ధలో పదోవంతు చదువు మీద పెట్టడు. వాడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మా అమ్మమ్మ సమాధి కంచె పక్కన, నీళ్ళ కుళాయికి దగ్గరగా ఉంటుంది. గాలికి అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. అమ్మ చేతులకి వేరేవాళ్ళింటి సబ్బు వాసన. చలేస్తోందా అని అడిగింది. లేదన్నాను. వేస్తోందంటే ఇంటికి వెళ్ళిపోదాం అంటుంది."

ఈ మాటలు నేను నిరుడు ఇంకో పిల్ల గొంతులో విన్నాను. అంతకుముందు ఏడు రెండు నోటుబుక్కుల్లో చూశాను. ఆ ముందటేడు కూడా ఉంది. కొందరు అమ్మమ్మని తాతయ్యని చేస్తారు, కొందరు కుళాయి తీసేసి చెట్టు పెడతారు. కానీ ఆ అగ్గిపుల్ల, ఆ సబ్బు, ఆ చలి మాత్రం కదలవు. ప్రతి నవంబరులోనూ కొత్త చేతిరాతలో వచ్చి నా బల్ల మీద కూర్చుంటాయి. నేను ఎర్రసిరాతో 'కాపీ' అని రాసి, ఒకటి మార్కు పడేసి, నోటుబుక్కు పక్కకి తోసేసేదాన్ని. మా దగ్గర మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా. ఒకటంటే తప్పినట్టు.

ఈసారి ఎందుకో తొయ్యలేకపోయాను. ఒక ప్రశ్న నోట్లోంచి జారింది.

"ఫాబియాన్, మీ అమ్మ చేతులకి ఎవరింటి సబ్బు వాసన వచ్చిందిరా?"

వాడు తెల్లమొహం వేశాడు. నోటుబుక్కులోకి చూశాడు, అక్కడ జవాబు లేదు. "మా అమ్మ నోటరీ కదా టీచర్," అన్నాడు. "ఆవిడ చేతులకి స్టాంపుల ఇంకు వాసన వస్తుంది గానీ..." అని ఆగిపోయాడు. క్లాసంతా పకపకా నవ్వింది. వాడూ నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆరేళ్ళ కిందట ఇదే వాక్యం ఒక డాక్టరుగారమ్మాయి నోటుబుక్కులో చదివినప్పుడు ఈ ప్రశ్న నేను అడగలేదు.

గంట కొట్టగానే స్టాఫ్ రూముకి వెళ్ళాను. కంప్యూటర్లు చెప్పే జెనోన్ ఉన్నాడు, చిన్నవాడు, నా దగ్గరే చదువుకున్నాడు. విషయం చెబితే, ఇంతకాలం మీరు వెతకనే లేదా అని ఆశ్చర్యపోయాడు. వెతకడమంటే ఏమిటో నాకేం తెలుసు? మా ఇంట్లో ఇంటర్నెట్టే లేదని ఊరంతా చెప్పుకుని గర్వపడినదాన్ని. వాడు నా ఫోనుకి స్కూలు నెట్ కలిపి అగ్గిపుల్ల వాక్యం కొట్టి చూపించాడు. ఒక హోంవర్కు సైటు తెరుచుకుంది. పిల్లలు పిల్లల్ని ప్రశ్నలడుగుతారట, వేరే పిల్లలు జవాబులు రాస్తారట, అన్నిటికన్నా బాగున్నదానికి అడిగినవాళ్ళు కిరీటం గుర్తు పెడతారట. అలాంటి ఒక ప్రశ్న కింద మన వ్యాసం మొత్తం ఉంది. కిరీటం కూడా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళుగా నా క్లాసుని ఎవరో దొంగచాటుగా నడుపుతున్నట్టు అనిపించింది. దీన్ని పీకించాలంటే ఏం చెయ్యాలి అన్నాను. ఫిర్యాదు చెయ్యడానికి ఒక గుర్తుందని జెనోన్ చూపించాడు. నొక్కాను. కారణం అడిగితే 'చోరీ' అని రాసి పంపేశాను. ఆ తరవాతే, కాస్త కోపం దిగాక, రాసింది ఎవరో చూశాను.

కాలినా98. నవంబరు నాలుగు, రెండువేల పన్నెండు, సాయంత్రం ఐదున్నర.

జెనోన్ టీ కలుపుకోవడానికి వెళ్ళాడు. నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను.

కాలినా మూడో వరసలో, రేడియేటరు పక్కన కూర్చునేది. పద్నాలుగేళ్ళు. నాన్న ఇంగ్లండు వెళ్ళి అటే పోయాడు. అమ్మ దనూతా జర్మనీలో ఒక ముసలావిడకి మంచం దగ్గర సేవలు చేసే పనిలో ఉండేది, రెండు మూడు నెలలకోసారి వచ్చి వారం ఉండి వెళ్ళేది. పిల్ల తాతయ్య దగ్గర పెరిగింది. మాట తక్కువ, మార్కులు మూడో నాలుగో. ఆ నవంబరులో కాలినా నోటుబుక్కులోనూ, రెండు బల్లల అవతల కూర్చునే నికోలా నోటుబుక్కులోనూ ఒకే వ్యాసం వచ్చింది, పొల్లు పోకుండా. నికోలా డాక్టరుగారమ్మాయి, అన్నిట్లో ఐదులు. నాకు తీర్పు చెప్పడానికి ఒక్క నిమిషం పట్టలేదు. కాలినాని లేపి నిలబెట్టాను.

ఎక్కణ్ణుంచి ఎత్తావే అన్నాను. ఎత్తలేదు టీచర్, నేనే రాశాను, రాసి ఇంటర్నెట్లో పెట్టాను, అక్కడ ఎవరో అడిగారు అంది. క్లాసు నవ్వింది. నేను నవ్వు ఆపలేదు సరికదా, ఇంకాస్త ఎగదోశాను. ఆహా, అలాగైతే క్రాకోవు కోట కట్టించింది నేనే, వెళ్ళి చూసుకో అన్నాను. నికోలా తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. అది సిగ్గనుకున్నాను, తన వ్యాసం ఎవరో దొంగిలించారన్న సిగ్గు. నికోలాకి ఐదు, కాలినాకి ఒకటి వేశాను. అక్కడితో ఆగానా అంటే ఆగలేదు. ఫోను నంబరు సంపాదించి, జర్మనీలో ఉన్న వాళ్ళమ్మకి ఫోను చేసి మరీ చెప్పాను, మీ పిల్ల ఇంటర్నెట్లోంచి ఎత్తిరాస్తోంది, కనిపెట్టుకోండి అని.

డిసెంబరు పదకొండున కాలినాని డెలివరీ వ్యాను గుద్దింది. సాయంత్రం ఐదు గంటలకి, మంచులో, మున్సిపల్ లైబ్రరీ నుంచి ఊరి చివర తాతయ్య ఇంటికి నడిచి వెళ్తూంటే. పిల్ల దక్కలేదు. డిసెంబరులో మాకు నాలుగింటికే చీకటి పడుతుంది. అంత చీకట్లో ఆ పిల్లకి లైబ్రరీలో ఏం పని అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు ఫోనులో ప్రశ్న కూడా కనిపిస్తోంది. నికోలా98 అడిగింది, అదే రోజు మధ్యాహ్నం. 'అర్జెంటు, రేపటికి. ఒక సమాధి గురించి. మా టీచరు పెద్ద పీడ, కల్పిస్తే పట్టేస్తుంది, నిజంలా ఉండాలి. కిరీటం ఇస్తాను.' దానికి కాలినా ముందుగా ఒక ముక్క రాసింది. 'మాకూ అలాంటి పీడే ఉంది. ఆగు, నాది ఇప్పుడే అయింది, పెడుతున్నాను.'

రెండు బల్లల దూరంలో ఉన్నామని ఇద్దరికీ తెలియదు. ఆ సైటులో ఊళ్ళు రాయరు, ఆ పేర్ల పిల్లలు దేశమంతా ఉన్నారు. దేశంలో నాలాంటి పీడలు ఎంతమంది ఉన్నారో, ఎంతమంది అదే హోంవర్కు ఇస్తారో అని ఆ పిల్ల ఎవరికో సాయం చేసింది. మర్నాడు తన వ్యాసం తనే నోటుబుక్కులో దించుకుని స్కూలుకి వచ్చింది. నా ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. నేను కోట కట్టించానన్నాను.

పేరు మీద నొక్కితే కాలినా పెట్టిన జవాబులన్నీ వరసగా వచ్చాయి. మూడు వందల పైచిలుకు ఉన్నాయి. భిన్నాలు, నదుల పేర్లు, కప్ప గుండెలో గదులు. నవంబరు ఇరవై దాకా రోజూ సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా రాసేది. తరవాత నాలుగు రోజులు ఏమీ లేదు. ఆ తరవాత జవాబులన్నీ మూడింటికీ ఐదింటికీ మధ్యనే ఉన్నాయి. ఒక పిల్ల అడిగింది, 'సాయంత్రాలు కనిపించడం లేదేం?' దానికి కాలినా, 'మా ఇంట్లో నెట్ తీయించేశారు, ఇప్పుడు లైబ్రరీ నుంచి రాస్తున్నా' అని చెప్పింది. చివరి జవాబు డిసెంబరు పదకొండు, నాలుగు నలభై. నాలుగో క్లాసు పిల్లవాడికి భిన్నాల లెక్క. రెండు మెట్లు చేసి, కింద రాసింది. 'మూడోది ఇలాగే నువ్వు చెయ్యి. లైబ్రరీ మూసేస్తున్నారు, వెళ్ళాలి.'

మూడోది ఆ పిల్లవాడు చేశాడో లేదో తెలియదు. ఫోను బల్ల మీద బోర్లించి పెట్టేశాను.

ఆ వారం నేను మనిషిని కాను. ఏ క్లాసులో ఉన్నా మూడో వరస వైపు చూడలేకపోయాను. అక్కడ ఇప్పుడు కూర్చునే పిల్ల ఎర్ర జడలది, మహా వాగుడుకాయ, కాలినాకీ దానికీ పోలికే లేదు. అయినా రేడియేటరు టిక్కుమన్నప్పుడల్లా అక్కణ్ణుంచి ఎవరో 'నేనే రాశాను టీచర్' అన్నట్టే ఉండేది. ఫోను తీస్తే ఆ వ్యాసం కింద 'థాంక్స్' లెక్క కనిపిస్తుంది. నాలుగువేల నూట పద్దెనిమిది. నేను చూస్తుండగానే నూట పందొమ్మిది అయింది. ఎక్కడో ఒక పిల్ల ఈ క్షణాన కాలినాకి థాంక్స్ చెబుతోంది. ఈ అక్టోబరులోనే ఒకడు రాశాడు, 'కాలినా, పోయినేడు నీది రాసి ఐదు కొట్టా. మా తమ్ముడికీ ఒకటి కావాలి, ఇంకో సమాధి ఏదైనా ఉంటే పెట్టవా?' ఆ సైటులో ఎవరికీ తెలియదు. అక్కడ కాలినా కాస్త బద్ధకంగా జవాబిచ్చే పిల్ల, అంతే.

ఫిర్యాదు సంగతి బుధవారం పొద్దున్నే తేలింది. సైటులో జవాబుల మంచిచెడ్డలు చూసే అమ్మాయి నాకు రాసింది. లుబ్లిన్‌లో డాక్టరు చదువుతోందట. పూర్తి వ్యాసాలు పెట్టడం కొత్త నియమాల ప్రకారం కుదరదు, మీ ఫిర్యాదు సరైనదే, తీసేస్తాం అంది. తీసేస్తే మళ్ళీ తేవడం మావల్ల కూడా కాదు అంది. చివర్లో ఇంకో ముక్క కలిపింది. 'మీతో ఒక నిజం చెబుతాను. స్కూల్లో ఉండగా నేనూ దీన్నే ఎత్తిరాశాను. అప్పట్లో మా అమ్మ నాతో మాట్లాడేది కాదు. రాస్తూ రాస్తూ ఏడ్చాను.'

నేను జరిగింది అంతా రాసి పంపాను. ఆ పిల్ల బతికి లేదని కూడా రాశాను. దానికి ఆ అమ్మాయి, రాసినవాళ్ళ ఇంటివాళ్ళు ఎవరైనా ఉంచమని ఒక మాట చెబితే ఉంచుతాను, శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆపగలను, అంతకుమించి నా చేతుల్లో లేదు అంది.

ఇంటివాళ్ళంటే దనూతా ఒక్కతే. తాతయ్య రెండేళ్ళ కిందట పోయాడు. దనూతా ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు. కూతురు పోయాక జర్మనీ మొహం చూడలేదు. మా స్కూలు వంటగదిలోనే పనికి చేరింది. ఆరేళ్ళుగా రోజూ పన్నెండున్నరకి అక్కడి వడ్డించే కిటికీ ముందు నిలబడి ఆవిడ చేతి సూపు తాగుతున్నాను. నాకు ఎప్పుడూ ఒక గరిటె ఎక్కువే పోస్తుంది. ఎందుకో కూడా చెప్పింది, చేరిన కొత్తలోనే. మీరొక్కరే నా పిల్ల గురించి నాకు ఫోను చేసింది టీచర్ గారూ, అంది. నేను దగ్గర లేక అది దారి తప్పింది, మీరైనా చెప్పారు, దిద్దుకునేలోగా దేవుడు తీసుకెళ్ళిపోయాడు, అంది. ఆ పిల్ల ఎత్తిరాసిందన్న సంగతిని ఆవిడ ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకుని క్షమిస్తూ వస్తోంది.

ఇప్పుడు నేను వెళ్ళి ఏం చెప్పాలి? మీ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు అంటే సంతోషించాల్సిన మాటే. కానీ ఆ మాట వెనకాలే ఇంకోటి వస్తుంది. చెయ్యని తప్పుకి నెట్ తీయించారు, నెట్ లేకే అది లైబ్రరీకి నడిచింది. నా నోటి దురుసు ఆవిడ చేత్తో ఆ పని చేయించింది. చెప్పకపోతే ఆవిడ సుఖంగా గరిటె తిప్పుకుంటుంది, కాలినా ఎప్పటికీ దొంగగానే ఉండిపోతుంది, శుక్రవారం మధ్యాహ్నానికి సాక్ష్యం కూడా ఉండదు. నిజం చెబుతున్నాను, ఉండకపోతే బాగుండునని కూడా ఒక్క పూట అనుకున్నాను. బుధవారం కిటికీ ముందు నిలబడి నోరు తెరిచాను, పుల్లటి జూరెక్ సూపు బాగుందని చెప్పి వచ్చేశాను.

గురువారం రెండున్నరకి, పిల్లలంతా వెళ్ళాక, వంటగదిలోకి వెళ్ళాను. దనూతా ఒక్కతే ఉంది. పెద్ద తపేలాలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి తోముతోంది. నన్ను చూసి, ఆకలేస్తోందా టీచర్ గారూ, రెండు పియెరోగీలు మిగిలాయి, వేడి చెయ్యనా అంది. బంగాళాదుంపల బస్తా పక్కన స్టూలు ఉంటే కూర్చున్నాను. నిలబడి చెప్పే ఓపిక లేదు.

"దనూతా గారూ, కాలినా కాపీ కొట్టలేదు."

ఆవిడ తోమడం ఆపలేదు. "ఎప్పుడు?"

"ఆ సమాధి వ్యాసం. కాలినాయే రాసింది. నికోలాయే దాని దగ్గర తీసుకుంది. తేదీలతో సహా ఉంది, నేను కళ్ళారా చూశాను. తప్పంతా నాది."

"అప్పుడూ చూసే చెప్పానన్నారు కదా."

"చూడలేదు. మొహం చూసి చెప్పాను."

దనూతా కుళాయి కట్టేసింది. చేతులు తపేలాలోనే ఉన్నాయి. నా మీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని ఉంది నాకు. ఆవిడ తపేలాలోకి చూస్తూనే మాట్లాడింది.

"అది ఫోన్లో చెప్పింది. నేనే రాశానే అమ్మా అంది. మూడుసార్లు అంది. టీచరుకి అబద్ధమాడాల్సిన ఖర్మేంటే అన్నాను. ఇంక నాలుగోసారి అనలేదు."

నేను చెప్పబట్టే కదా ఇదంతా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మీరు చెప్పారు. మా నాన్నకి ఫోన్ చేసి వైరు పీకించింది నేను. సాయంత్రాలు బుద్ధిగా ఇంట్లో కూర్చుంటుందనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. చేతులు తుడుచుకుని, ఏం రాసిందో చూపించండి అంది. ఇన్నేళ్ళూ ఆ వ్యాసం ఏమిటో ఆవిడ చదవనే లేదు. దొంగసొత్తు అనుకున్నదాన్ని ఎందుకు చదువుతుంది? ఫోను ఇచ్చాను. వంటగది కిటికీ దగ్గరకి, వెలుతురులోకి తీసుకెళ్ళి, పెదవులు కదుపుతూ ఒక్కో వాక్యమే చదివింది. సబ్బు దగ్గర ఆగింది. తన అరచేతులు వాసన చూసుకుంటుందేమోనని భయపడ్డాను, చూసుకోలేదు. మొత్తం అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"ఇది ఏ ఏడు సంగతి రాసింది?"

"రెండువేల పన్నెండు. అది... ఆఖరి నవంబరు."

"ఆ నవంబరులో నేను రాలేదు టీచర్ గారూ." చాలా మామూలుగా అంది. "వస్తానని చెప్పా. ముందు రోజు ఆ ముసలావిడ మంచం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది, వాళ్ళు కదలనివ్వలేదు. మా నాన్నకి మోకాళ్ళు నడవనిచ్చేవి కావు. అదొక్కతే వెళ్ళింది, మా అమ్మ సమాధి దగ్గరికి. ఒక్కతే వెలిగించుకుని వచ్చింది."

చూసిందే రాయమన్నది నేను. ఇరవై ఏళ్ళుగా కల్పిస్తే పట్టేస్తానని బెదిరించినదాన్ని, అంత పెద్ద కల్పన కళ్ళ ముందు ఉంటే పట్టుకోలేదు. ఆ చేతులు లేవు. చలేస్తోందా అని అడిగినవాళ్ళు లేరు. ఇంటికి వెళ్ళిపోదామని అనేవాళ్ళు లేకపోతే ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో, చలికి.

దనూతా కిందికి జరుపుతూ పోతోంది. కింద పిల్లలు రాసిన ముక్కలన్నీ చదువుతోంది. ఒకచోట ఆగి ఫోను నా వైపు తిప్పింది. నేను అంత కిందికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఎవరో అడిగారు, 'మీ అమ్మ నిజంగా ఇలాగే ఉంటుందా, కల్పించావా?' కాలినా ఆ రోజే జవాబు పెట్టింది. 'ఇలాగే ఉంటుంది. వస్తే.'

ఎంతమంది రాసుకున్నారు దీన్ని అని అడిగింది. నాలుగువేలు దాటారు అని చెప్పాను. అప్పుడు మిగతాది కూడా చెప్పేశాను. కోపంలో నేను ఫిర్యాదు చేసిన సంగతి, తీసేస్తామన్న సంగతి, రేపు మధ్యాహ్నం దాకా గడువున్న సంగతి. ఇంటివాళ్ళు ఒక మాట చెబితే ఉంచుతారట అన్నాను. మీకు బాధగా ఉంటే పోనిద్దాం, అందులో రాసింది నిజం కూడా కాదు కదా, ఇంకెవరూ చూడరు అన్నాను. ఆవిడ బాధ తగ్గించాలనే అన్నాను, దేవుడి మీద ఒట్టు.

దనూతా ఫోను నా చేతిలో పెట్టింది. రెండు చేతులూ ఏప్రనులో చుట్టుకుంది.

"ఉంచమని రాయండి. వాళ్ళమ్మ చెప్పిందని రాయండి."

"అలాగే," అన్నాను. అక్కడే కూర్చుని లుబ్లిన్ అమ్మాయికి కొట్టడం మొదలుపెట్టాను.

"ఆ రోజు నేను ఇంటికి వచ్చింది అక్కడొక్కచోటే," అంది దనూతా.